సింహాలు కోసిన కుట్టు మిషను

పొద్దున పదకొండుంబావుకు కరెంటు పోయింది. ఆ రోజుల్లో మదనపల్లెలో మా వీధి వాళ్ళు గడియారాలు సరిచేసుకునేది దాన్ని బట్టే. పదకొండుంబావుకు పోయేది, రెండున్నరకు వచ్చేది. మధ్యలో పిండి మర ఆగేది, వెల్డింగు షాపు ఆగేది, మా చిన్నాయన వడ్రంగి కొట్టంలో డ్రిల్లు ఆగేది. నా మిషను ఒక్కటే ఆగేది కాదు. అది కాళ్ళతో తొక్కేది, దానికి కరెంటుతో పని లేదు. తొంభైల నడుమ మాట అది. అప్పటి బతుకు చల్లగా, నెమ్మదిగా ఉండేదని ఇప్పుడు చాలామంది అంటారు. నాకు అట్లా గుర్తు లేదు. ఉక్కపోత, రంపపు పొట్టు, అమ్మతో వాదులాట గుర్తున్నాయి.

చిన్నాయన పోయి రెండేళ్ళయింది. కర్మాంతరం రోజు భోజనాల దగ్గర బంధువులు నేను చెక్కలో కోసిన ఇంటి పేరు బోర్డు కథ చెప్పుకున్నారు. ఒకరు చెప్పిన దాంట్లో సింహాలు నాలుగు. ఇంకొకరి దాంట్లో ఆ ఇంటి గృహప్రవేశానికి ఒక మంత్రి కూడా వచ్చాడు. నేను నీళ్ళు పోస్తూ విన్నాను, ఏమీ అనలేదు (పోయిన మనిషి విస్తరి ముందు నిలబడి తప్పొప్పులు చెప్పడం బాగుండదు). ఇప్పుడు చెప్తున్నాను. సింహాలు రెండే. మంత్రి ఎవరూ రాలేదు.

ఆ మిషను మొదట కుట్టు మిషనే. నేను బి.ఏ. పాసై, ఉద్యోగం రాక, గ్రంథాలయంలో కూర్చుని పుస్తకాలు చదువుతూ ఉంటే, చూడలేక అమ్మ ఎవరి దగ్గరో పాతది కొని తెచ్చింది. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. నాలుగు రవికెలు కుట్టుకుంటే ఎవరి ముందూ చెయ్యి చాచే పని ఉండదని అమ్మ లెక్క. లెక్కలో తప్పు లేదు, కుట్టే మనిషిలో ఉంది. నేను మొదట కుట్టిన రవికె పక్కింటి అక్కది. తొడుక్కుంటే బాగానే ఉంది గానీ చేతులు పైకి లేవలేదు. "ఎట్ల మే, కొప్పు పెట్టుకునేది?" అని ఆమె అడిగితే, "జడ వేసుకో" అన్నాను. నా తప్పేమిటో నాకు నిజంగానే అర్థం కాలేదు. నేను చదివే పుస్తకాల్లో ఆడవాళ్ళు కిటికీ దగ్గర నిలబడి ఆలోచించేవాళ్ళు, చేతులెత్తే పని ఎవరికీ పడేది కాదు.

చిన్నాయన అప్పటికి చాలా రోజులుగా ఆ మిషను వంక చూస్తున్నాడు. ఒకసారి కుప్పం పోయి, అక్కడ రైలెక్కి బెంగుళూరు పోయినప్పుడు, స్టేషను దగ్గర ఒక షాపులో మోటారుతో నడిచే సన్న రంపం చూశాడట. బ్లేడు నిలబడి పైకీ కిందికీ ఆడుతుంది, పలకను చేత్తో తిప్పుతూ పోతే పువ్వులు, అక్షరాలు, ఏది గీస్తే అది తెగుతుంది. దాని ధర విని బయటికొచ్చి టీ తాగి రైలెక్కాడు. "సూది గూడా పైకీ కిందికే కదా పోతాండాది" అన్నాడు ఒక రోజు నాతో, గొంతు తగ్గించి. అమ్మ ఏదో నామకరణానికి కలకడ పోయిన ఆదివారం, ఇద్దరం కలిసి మిషను మోసుకుని కొట్టంలో పెట్టాం. సూది తీసి, కంసాలి వాళ్ళు వెండి కోసే దారం లాంటి బ్లేడు బిగించి, కింద దారం కండె తిరిగే షటిలు ఉండే చోట ఒక స్ప్రింగు పెట్టాడు చిన్నాయన. సాయంత్రానికి నేను పల్చటి చెక్కలో 'అ' కోశాను. అది 'అ' అని చదివేవాళ్ళకు తెలిసింది. రవికె కంటే చాలా నయం.

అమ్మ మరుసటి రోజు వచ్చి, చూసి, స్ప్రింగును వేలితో నొక్కింది. తర్వాత చిన్నాయన వైపు తిరిగింది. "ఏమప్పా, ఆడపిల్ల బతుకుతెరువుకని తెస్తే రంపం చేసి పెడితివే. రేపు నా రోలు తీస్కపోయి ఏం చేస్తావు?" చిన్నాయన తల దించుకుని గోళ్ళు చూసుకున్నాడు. నేనే మాట్లాడాను. రవికెలు నాకు రావు, రానివి ఎన్నాళ్ళు కుట్టినా రావు, ఇది వస్తుంది, ఇదే చేస్తాను. అమ్మ విని, తీర్పు చెప్పింది. "సరే. ఎవురో ఒకరు ఒక్క బోర్డు చేయించుకోని, వాళ్ళ ఇంటి ముందర తగిలించనీ. అప్పుడు రంపమే ఉండనీ. తిరక్కొట్టినారంటే మాత్రం సూది ఎక్కాల్సిందే." మా ఇంట్లో రాతకోతలు ఉండేవి కావు గానీ అమ్మ మాటకు స్టాంపు కాగితం కంటే ఎక్కువ విలువ.

ఆ పదకొండుంబావు దాటిన తర్వాత కొట్టంలోకి వచ్చినాయన పేరు చెప్పను. ఊరంతా ఆయన్ని బోరుబండాయన అనేది. వానలు పడక మా వైపు అందరూ దిగజారుతుంటే పైకొచ్చినవాళ్ళు బోర్లు వేసేవాళ్ళే. తలుపు చెక్కల గురించి చిన్నాయనతో మాట్లాడుతూ, నా మిషను చప్పుడు విని ఇటు చూశాడు. "ఏంది మేస్త్రీ, పాప రవికె కుడతా ఉంటే చెక్క పొట్టు రాల్తాండాదే?" చిన్నాయన సంగతి చెప్పాడు. నేను కోసిన అక్షరాలు ఆయన చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. "పుంగనూర్లో ఇల్లు కట్టినాను. వచ్చే గురువారం చేరతాండాం. మాతృశ్రీ నిలయం అని పేరు. చలవరాతి మీద అందురూ చెక్కించుకుంటాండారు, నాకు చెక్కలో కావాల. ఇట్ల పైకి లేసినట్ల ఉండాల."

"చేస్తాను సార్" అన్నాను.

"రెండు పక్కలా రెండు సింహాలు."

"సింహాలెందుకు సార్? అక్షరాలు బాగా కోస్తే అవే చాలు."

"ఒట్టి అక్షరాలు పెడితే బస్టాండు బోర్డు మాదిరి ఉంటాది. సింహం లేకుంటే గౌరవం యాడుండాది?"

"అమ్మ పేరు మీద ఇల్లు కట్టుకుని అటూ ఇటూ సింహాలు పెడితే, ఆయమ్మ బయటికెట్లా వస్తుంది సార్?"

ఆయన నవ్వాడు. "పాప సదువుకున్నట్లుండాదే మేస్త్రీ."

"అదే వచ్చిన బాధ సార్" అన్నాడు చిన్నాయన.

నాకు అలంకారాలంటే అప్పుడూ నమ్మకం లేదు. చెప్పాల్సింది అక్షరం చెప్తుంది, పక్కన లత పాకిస్తే అర్థం పెరగదు. ఇదంతా ఆయనకు చెప్పబోతుంటే చిన్నాయన దగ్గాడు. అమ్మ తీర్పు గుర్తొచ్చి ఊరుకున్నాను. ఆయన క్యాలెండరు నుంచి చింపిన సింహం బొమ్మ మరుసటి రోజు పంపించాడు. నోరు తెరిచి, పళ్ళు బయట పెట్టి, ముందరి కాలు ఒకటి ఎత్తి, తోక పైకి మెలితిప్పి, నడుము సన్నంగా నిలబడిన సింహం.

అక్షరాలకు నాలుగు రోజులు పట్టింది. తెలుగు అక్షరాల్లో తిన్నని గీత దొరకదు. ఎటు పోయినా మలుపే. లోపల ఖాళీ ఉన్న ప్రతి చోటా చిన్న బెజ్జం వేసి, బ్లేడు ఊడదీసి, దాన్ని ఆ బెజ్జంలోంచి దూర్చి మళ్ళీ బిగించాలి. కాలు ఆపితే బ్లేడు ఇరుక్కుంటుంది, తొందరపడితే పుటుక్కున విరుగుతుంది. కోసినవన్నీ ఉప్పుకాగితంతో రుద్ది, నల్ల పాలిషు పట్టిన పలక మీద బంకతో అంటించాం. బాగున్నాయి. చిన్నాయన రెండడుగులు వెనక్కి పోయి చూసి, "ఇది చాలు, ఇంకేం అక్కర్లే" అన్నాడు. నేను మొదటి నుంచీ అదే అన్నానని గుర్తు చేశాను.

మంగళవారం సింహాలు మొదలుపెట్టాను. మొదట పళ్ళు పోయాయి. అంత సన్నటి ముక్కలు చెక్కలో నిలవవు, బ్లేడు తగలగానే రాలిపోయాయి. పళ్ళు లేకుండా నోరు తెరిస్తే ఆవలించినట్టు ఉంది కాబట్టి నోరు మూసేశాను. తర్వాత ఎత్తిన కాలు విరిగింది. దాని బదులు ఇంకో కాలు కోసి, తిన్నగా కిందికి అతికించాను, నాలుగు కాళ్ళ మీదా నిలబడితే బలంగా ఉంటుందని. మెలితిప్పిన తోక రెండింటికీ ఊడింది, మిగిలిన దాన్ని పొట్టిగా గుండ్రం చేశాను. నడుము కూడా విరిగితే ఏం చేసేదని, పొట్ట దగ్గర గీత దాటి చెక్క ఎక్కువే వదిలిపెట్టాను. జూలు మాత్రం నాకు బాగా వచ్చింది. ఉంగరాలు ఉంగరాలుగా కోయడం ఆ మిషనుకు ఇష్టమైన పని. చేయి ఊపు మీద ఉండి, మెడ దగ్గర ఆగాల్సిన జూలు వీపు మీదికి, వీపు మీది నుంచి పొట్ట కిందికి పోయింది. నేను పుట్టి బుద్ధెరిగి సింహాన్ని చూడలేదు. కురబలకోట వైపు నుంచి సంతకు పోయే గొర్రెల మందలు మా కొట్టం ముందరి నుంచే పోయేవి, వాటిని వారం వారం చూసేదాన్ని. చేతికి తెలిసింది చెయ్యి చేసింది.

చిన్నాయన వచ్చి చూశాడు. చెవి మీది పెన్సిలు తీసి మళ్ళీ అక్కడే పెట్టుకున్నాడు. "అక్షరాలు చాలా బాగా వచ్చినాయి" అన్నాడు.

"సింహాలు?"

"అక్షరాలు మాత్రం చాలా బాగా వచ్చినాయి."

అంతలో అమ్మ కాఫీ తెచ్చింది. గ్లాసు నా చేతికిస్తూ వంగి చూసి, ఆ వారంలో మొదటిసారి ముఖం విప్పి, "గొర్రెలు భలే ఉండాయే!" అంది.

"సింహాలు" అన్నాను.

అమ్మ ఇంకొకసారి చూసింది. "సూదుల పొట్లం యాడ పెట్టినానో ఎతకాల" అనుకుంటూ లోపలికి పోయింది.

చిన్నాయన పక్కన కూర్చున్నాడు. "పీకేద్దాం పాపా. అక్షరాలే ఇద్దాం. సింహాలు టయానికి కాలేదని చెప్తాను." నా మాటే నెగ్గే అవకాశం అది. అయినా ఒప్పుకోలేదు. "నేను వద్దన్నప్పుడు వినలేదు కదా. పెట్టమన్నాడు, పెట్టాను. అవి సింహాలే. ఇప్పుడు పీకితే నాకు రాదని ఒప్పుకున్నట్టు." ఆ వయసులో నాకు తప్పు చేయడం కంటే ఒప్పుకోవడం కష్టంగా ఉండేది (ఈ వయసులో కూడా పెద్ద తేడా రాలేదు). ఆ రోజే రెండింటికీ బంక పూసి అంటించేశాను.

బుధవారం మధ్యాహ్నం బోర్డును అమ్మ పాత చీరలో చుట్టి, పుంగనూరు బస్సెక్కాం. మోకాళ్ళ మీద అడ్డంగా పెట్టుకుంటే నడిచే దారి సగం మూసుకుపోయింది. కండక్టరు వచ్చి చీర కొంచెం ఎత్తి చూశాడు. "ఏందిమా ఇది, గొర్రెల ఆస్పత్రి బోర్డా?" నేను జవాబు చెప్పబోతే చిన్నాయన టికెట్లు అడిగాడు. దారి పొడుగునా అమ్మ మాటే తిరుగుతోంది నా తలలో. బోర్డు ఎక్కితే రంపం. తిరిగొస్తే సూది.

పుంగనూర్లో కొత్తిల్లు పెద్దది. మామిడాకులు కట్టేవాళ్ళు, వంట పాత్రలు దించేవాళ్ళు, బంధువులు, అంతా వాకిట్లోనే ఉన్నారు. బోరుబండాయన అందరినీ పిలిచి మధ్యలో బోర్డు పెట్టించి తనే చీర విప్పాడు. వెనకాల ఎవరో కిసుక్కుమని నవ్వి నోరు మూసుకున్నారు. ఆయన ముఖం నల్లబడింది.

"ఏంది మేస్త్రీ ఇది?"

"సింహాలు సార్" అన్నాను నేను.

"సింహాలా? ఎవురు చెప్పి పంపించినారు మిమ్మల్ని? నన్ను జూసి నగేదానికి చేసినారా? ఇన్నేండ్లయినా గొర్రెలోళ్ళ ఇంటోడు అనే మాట పోలా నాకు. ఆ మాట పోగొట్టుకునేదానికే గదా ఇంత ఇల్లు కట్టింది. తెచ్చి వాకిట్లోనే గొర్రెల్ని నిలబెడతారా?"

వాళ్ళది గొర్రెలు కాచిన ఇల్లని నాకు ఆ క్షణం వరకూ తెలియదు. తెలిసిన తర్వాత భయపడాల్సింది, పడలేదు. "మీ గొర్రెల సంగతి నాకు తెలీదు సార్. మీరు సింహాలు అడిగారు, ఇవి సింహాలు. వద్దన్నా పెట్టమన్నది మీరే" అన్నాను. ఆయన బోర్డును కాలితో పక్కకు నెట్టబోయి, దాని మీద తన తల్లి పేరుతో పెట్టిన ఇంటి పేరు ఉందని గుర్తొచ్చి ఆగాడు. "ఎత్తండి. తీస్కపోండి" అన్నాడు. చిన్నాయన వంగి చీర అందుకున్నాడు. నా కళ్ళ ముందర రవికెలు కనిపించాయి, వరసగా, ఎత్తలేని చేతులతో.

"ఏందిరా ఆ అరుపులు, కొత్తింట్లో?" అని గోడ పక్క మంచం మీది నుంచి గొంతు వచ్చింది. ఆయన తల్లి. రెండు కళ్ళకూ పొర కమ్మింది, వెలుతురు మాత్రం తెలుస్తుందట. "ఏమో తెచ్చినారంటివే. ఇట్ల తే."

ఆయన వద్దని చెప్పేలోపల చిన్నాయన బోర్డు తీసుకుపోయి ఆమె ఒళ్ళో పెట్టాడు. అవ్వ ముందు అక్షరాలు తడిమింది. కొత్త మనిషి ఇంట్లో నడిచినట్టు, జాగ్రత్తగా. "ఇదేంది?" "నీ పేరుతో పెట్టిన ఇంటి పేరు అవ్వా" అన్నాను. "నాకెందుకు ఇంత పొడుగు పేరు" అంది. వేళ్ళు జరుగుతూ పోయి చివరికి ఎడమవైపు జంతువు మీద ఆగాయి. ఆగి, మారిపోయాయి. బొటనవేలు దవడ కిందికి పోయింది. అరచెయ్యి వీపు మీద వెనక్కి పోయి, తోక దగ్గర ఆగి, పొట్ట కిందికి వచ్చింది. సంతలో కొనేవాళ్ళు చూసే చూపు అది.

"ఇది సూడిదిరా!" అంది.

ఎవరికీ వెంటనే అర్థం కాలేదు.

"కడుపుతో ఉండాదిరా. ఇంకో నెల పడతాది ఈనేదానికి. కొత్తింటి ముందర సూడి గొర్రె! ఎవురురా తెచ్చింది, వాళ్ళకు అన్నం పెట్టినారా?"

"మా, అవి గొర్రెలు కాదుమా. సింహాలు" అన్నాడు బోరుబండాయన. ఆ మాట అనేటప్పుడు గొంతులో కోపం లేదు, ఏడుపు దగ్గరికి వచ్చింది.

"సింహాలని ఎవురు చెప్పినారు?"

అందరూ నా వైపు చూశారు. చిన్నాయన నా కాలు తొక్కాడు, గట్టిగా. గొర్రెలే అవ్వా అని ఒక్క మాట అంటే బోర్డు ఎక్కుతుంది, రంపం మిగులుతుంది, నాకు తెలుసు. నోరు తెరిచాను. "సింహాలే అవ్వా" అని వచ్చింది.

చిన్నాయన కళ్ళు మూసుకున్నాడు. అవ్వ మాత్రం పళ్ళు లేని నోటితో నవ్వింది. "కోసింది నువ్వు పాపా. మేపింది నేను. నీకు తెలుస్తాదా, నాకు తెలుస్తాదా?"

దానికి జవాబు నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు.

తర్వాత ఆమె కొడుకు వైపు తిరిగింది, అతను నిలబడిన చోటికి కాకుండా కొంచెం పక్కకు. "నీ మొదటి బోరుబండి యాడనుంచి వచ్చిందిరా? మంద అమ్మిన పొద్దు నువ్వు బండి బేరానికి పోయింటివి. సంతలో నేనొక్కదాన్నే ఉండినాను. ఒక్కొక్క దానికీ మన తాడు ఇప్పి, కొన్నోళ్ళ తాడు కట్టి ఇచ్చినాను. అవి తిరిగి తిరిగి నన్నే చూస్తాండాయి." ఎడమవైపు దాని వీపు ఇంకోసారి నిమిరింది. "రెండన్నా వాకిట్లో ఉండనీరా."

బోరుబండాయన బోర్డు వంక చూశాడు. బంధువుల వంక చూశాడు. తర్వాత, "యాలరా నిలబడుకోని చూస్తాండారు? స్టూలు తెండి" అని అరిచాడు. మేకులు చిన్నాయన ఇస్తానన్నా వినకుండా తనే కొట్టాడు. ఒకటి వంకర పోయింది. ఎవరూ నవ్వలేదు.

ఇంటికొచ్చేసరికి అమ్మ గడపలోనే ఉంది. "ఎక్కిందా?" "ఎక్కింది." "గొర్రెలతోనే?" "సింహాలతో." అమ్మ లోపలికి పోయి, సూదుల పొట్లం తెచ్చి, గోడ మీది నుంచి పక్కింటి అక్కకు ఇచ్చేసింది. ఆ తర్వాత మా మధ్య మిషను మాట ఎప్పుడూ రాలేదు.

పదేళ్ళకు పైగా ఆ రంపం తొక్కాను. ఇంటి పేర్లు, డాక్టర్ల పేర్లు, ఒక చెరుకు రసం బండి పేరు. కుప్పం నుంచి ఒకాయన వెతుక్కుంటూ వచ్చి, "పుంగనూర్లో గొర్రెలు కోసిన పాప యాడుండాది?" అని అడిగి, తనకు ఏనుగులు కావాలన్నాడు. వాళ్ళ వైపు ఏనుగులు అడవి దిగి తోటల్లోకి వస్తాయి. నిజం ఏనుగును చూసినవాడికి నా ఏనుగును చూపించే ధైర్యం లేక, ఉత్త అక్షరాలే కోస్తానని చెప్పాను. ఒప్పుకున్నాడు. బాగానే వచ్చాయి. చిన్నాయన ఎప్పుడు పుంగనూరు మీదుగా పోయినా బస్సులో కిటికీ పక్కనే కూర్చునేవాడు. తిరిగొచ్చి చెప్పులు విప్పుతూ, "చూసినాను పాపా. ఇంకా ఈనలా" అనేవాడు. నేను ప్రతిసారీ, "సింహాలు అంత తొందరగా ఈనవు" అనేదాన్ని.

ఇప్పుడు అట్లా వచ్చి చెప్పేవాళ్ళు లేరు కాబట్టి నేనే చెప్పాలి. ఎడమవైపుది గొర్రె. ఒప్పుకుంటున్నాను. అవ్వ చెయ్యి అబద్ధం చెప్పదు. కుడివైపు దాన్ని ఆ రోజు అవ్వ తడమలేదు, కాబట్టి అది సింహమే, దాని గురించి నేను ఎవరితోనూ రాజీ పడను. ఆ రోజు సింహాలే అవ్వా అన్న ఇరవై రెండేళ్ళ పిల్ల ఇప్పుడు నాకు ఎదురుపడితే కాలు తొక్కాలనిపిస్తుంది, తొక్కినా మాట మార్చదని తెలుసు.

తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి, వాటి వెనక కంప్యూటరుతో కోసే మిషన్లు వచ్చాయి. చెక్కలో ఇంటి పేరు కాలితో తొక్కి కోయడం మా వైపు ఇప్పుడు ఎవరూ చేయడం లేదు.